చీలమండ నరం నొక్కుకుపోయినవాళ్లు ‘యాంకిల్ కిట్’ కొనొచ్చా? వస్తువు వస్తువుగా సమీక్ష

ఐదు రంగుల రబ్బరు లూపులు, ఒక పొడవాటి సాగే బ్యాండ్, గుడ్డ స్ట్రాప్, ముళ్ల బంతి, చీలమండకు తొడుక్కునే బిగుతు తొడుగు, బూట్లలో పరిచే ఒక జత ఇన్‌సోళ్లు, మడతపెట్టిన వ్యాయామాల కాగితం. ఫుట్ అండ్ యాంకిల్ కిట్ అంటూ ఆన్‌లైన్‌లో రకరకాల కంపెనీలు అమ్మే సెట్లలో అటూ ఇటుగా ఉండేవి ఇవే. బెణుకుకూ మడమ నొప్పికీ నరం నొక్కుడుకూ అన్నిటికీ ఇదొక్కటే చాలన్నట్టు పెట్టె మీద రాసి ఉంటుంది. టార్సల్ టన్నెల్ సిండ్రోమ్ (చీలమండ దగ్గర నరం నొక్కుకుపోయే జబ్బు) అని డాక్టరు తేల్చి చెప్పిన మనిషికి ఈ సెట్టు ఎంతవరకు ఉపయోగమన్నదే ఇక్కడ చూస్తున్నాం.

ముందే చెప్పేస్తాం. పొడవాటి బ్యాండ్ నిజంగా పనికొస్తుంది. పాదం చదునుగా ఉన్నవాళ్లకు ఇన్‌సోళ్లు పనికొస్తాయి. స్ట్రాప్ వాడే పద్ధతి తెలియకపోతే చెరుపు చేస్తుంది. లూపులు, బంతి లేకపోయినా లోటు లేదు. బిగుతు తొడుగు జోలికి పోకపోవడమే మంచిది. ఇక ఆ కాగితంలో ఉన్న వ్యాయామాల్లో సగం ఈ జబ్బును దృష్టిలో పెట్టుకుని రాసినవే కావు. అసలు ఇబ్బంది అక్కడే.

చీలమండ లోపలివైపు పొడుచుకొచ్చిన ఎముక ఉంది కదా, దానికీ మడమకూ మధ్య ఒక ఇరుకు దారి ఉంటుంది. మూడు కండరాల టెండాన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు), ఒక ధమని, సిరలు, వాటి పక్కనే టిబియల్ నరం ఆ దారిలోంచే అరికాల్లోకి దిగుతాయి. దాని మీద కప్పి ఉన్న పట్టీ లాంటి పొర పెద్దగా సాగదు. అందుకే లోపల ఏది కాస్త వాచినా ఆ ఒత్తిడి నరం మీద పడుతుంది. టెండాన్ వాపు కావచ్చు, ఉబ్బిన సిరలు కావచ్చు, గాంగ్లియన్ అనే నీటి గడ్డ కావచ్చు, పాత ఫ్రాక్చర్ కావచ్చు. చదును పాదంలో కారణం ఇంకోలా ఉంటుంది. మడమ బయటివైపుకు వాలిపోవడంతో అడుగు వేసినప్పుడల్లా నరం లాగబడుతుంది. అంటే ఈ నరానికి నొక్కడమూ పడదు, లాగడమూ పడదు. కిట్‌లోని ప్రతి వస్తువునూ ఈ రెండు ప్రశ్నలతోనే చూడాలి: ఇది నరాన్ని నొక్కుతుందా, లాగుతుందా?

మడమ నొప్పిగా అందరూ చెప్పుకునే ప్లాంటర్ ఫేషియైటిస్‌తో (అరికాలి పొర జబ్బుతో) దీన్ని కలిపేయకూడదు. అందులో పొద్దున్నే మంచం దిగి వేసే తొలి అడుగులు ప్రాణం తీస్తాయి, నాలుగడుగులు నడిచాక సర్దుకుంటుంది. ఇక్కడ అలా కాదు. నిలబడే కొద్దీ, నడిచే కొద్దీ పెరుగుతుంది. అరికాల్లో మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు వేళ్లదాకా జివ్వుమనడం, కొందరికి రాత్రిళ్లు దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం. కిట్‌లోని కాగితం ఎక్కువగా ఆ ప్లాంటర్ ఫేషియైటిస్ కోసం, లేదా బెణుకు కోసం రాసింది.

పొడవాటి బ్యాండ్

మొత్తం సెట్టులో డబ్బుకు తగ్గ వస్తువు ఇదొక్కటే. విడిగా కూడా దొరుకుతుంది కాబట్టి, మమ్మల్ని అడిగితే సెట్టు మానేసి ఇదొక్కటే కొనమంటాం. మీటరున్నర పొడవు, అరచేయంత వెడల్పు ఉన్న చదును బ్యాండ్ తీసుకోవాలి. రంగును బట్టి బిగువు మారుతుంది. అయితే ఒక కంపెనీ ఎరుపు ఇంకో కంపెనీ ఎరుపుతో సమానం కాదు. ఫిజియోలు ఎక్కువగా లెక్కకు తీసుకునే థెరాబ్యాండ్ అనే బ్రాండ్ వరుసలో అయితే పసుపు బ్యాండ్‌ను రెట్టింపు పొడవుకు లాగినప్పుడు సుమారు 1.3 కిలోల బిగువు వస్తుంది. ఎరుపుకు 1.7, ఆకుపచ్చకు 2.1, నీలానికి 2.6, నలుపుకు 3.3 కిలోలు. చీలమండ నరానికి పసుపుతో మొదలుపెట్టి ఎరుపుకు వెళ్తే చాలు. ఆకుపచ్చ దాటాల్సిన అవసరం చాలామందికి రాదు, ఎందుకంటే ఆ పాటికి ఒంటి బరువుతో చేసే మడమ ఎత్తుడే అంతకన్నా బాగా పనిచేస్తుంది.

ఈ బ్యాండ్‌తో బలపరచాల్సింది టిబియాలిస్ పోస్టీరియర్ అనే కండరాన్ని. పాదం వంపును ఎత్తి నిలబెట్టేది అదే. అది నీరసిస్తే వంపు కుంగుతుంది, మడమ బయటికి వాలుతుంది, నరం లాగుడు మొదలవుతుంది. చేసే తీరు ఇది. నేల మీద కాలు చాపి కూర్చుని, మోకాలు కొద్దిగా మడిచి, పిక్క కింద చుట్టిన తువ్వాలు పెట్టండి. మడమ గాల్లో ఉండాలి. బ్యాండ్ ఒక కొసను చిటికెన వేలి వైపున ఉన్న మంచం కోడుకు, పాదం ఎత్తులో కట్టండి. రెండో కొసను పాదం ముందు భాగానికి, వేళ్ల మొదళ్లకు కాస్త వెనగ్గా చుట్టండి. పాదాన్ని కొంచెం కిందికి వంచి ఉంచి, అరికాలు రెండో కాలిని చూసేలా లోపలికి తిప్పండి. తిప్పడానికి 2 సెకన్లు, అక్కడ 1 సెకను, వెనక్కి రావడానికి 4 సెకన్లు. వెనక్కి వచ్చేటప్పుడు బ్యాండ్ లాగేసుకోనివ్వకూడదు, మీరే నెమ్మదిగా వదలాలి. నడిచేటప్పుడు ఈ కండరం ఎక్కువగా చేసే పని సరిగ్గా అదే. 10 నుంచి 12 సార్లు, 2 విడతలు, రోజు విడిచి రోజు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, మొదటిది మోకాలు. పాదం తిరగాల్సింది పోయి తొడ మొత్తం లోపలికి దొర్లుతుంది. మోకాలి చిప్ప మీద చెయ్యి వేసి ఉంచితే తెలిసిపోతుంది. రెండోది, పాదాన్ని పైకి ఎత్తి తిప్పడం. అలా చేస్తే చీలమండ ముందువైపు లోపలి మూలలో ఒక టెండాన్ తాడులా లేస్తుంది. అది టిబియాలిస్ యాంటీరియర్, మనకు కావాల్సిన కండరం కాదు. పాదం కొద్దిగా కిందికి వంచమన్నది అందుకే. మూడోది అన్నిటికన్నా చెడ్డది: వేళ్లు ముడుచుకోవడం. బొటనవేలినీ మిగతా వేళ్లనూ ముడిచే రెండు టెండాన్లూ నరంతో పాటు అదే ఇరుకు దారిలో ఉన్నాయి. వాటిని అదే పనిగా పనిచేయిస్తే అక్కడే వాపు పెరుగుతుంది. వేళ్లు వదులుగా ఉన్నాయో లేదో ప్రతిసారీ చూసుకోండి.

బ్యాండ్ జారి పాదం వంపు కిందికి వస్తే కూడా ఆపాలి, అక్కడ నరం కొమ్మ ఒకటి నొక్కుకుంటుంది. పల్చటి సాక్స్ వేసుకుంటే జారదు. నొప్పి తైలం రాసుకున్న పాదానికి లేటెక్స్ బ్యాండ్ చుట్టకూడదు. జారడం ఒక్కటే కాదు, నూనె తగిలితే సహజ రబ్బరు త్వరగా పాడవుతుంది. ఎండ తగిలే కిటికీలో వేలాడదీసినా అంతే. వాడే ముందు వెలుతురుకు పెట్టి లాగి చూడండి, అంచున చిన్న గాటు కనిపించినా ఆ బ్యాండ్ పని అయిపోయినట్టే. బిగువులో ఉండగా తెగితే కంటికి తగులుతుంది. రబ్బరు పడక దురదలు వచ్చేవాళ్లకు లేటెక్స్ లేని రకాలున్నాయి.

ఎరుపుకు ఎప్పుడు మారాలి? పసుపుతో 15 చొప్పున 3 విడతలు చేసినా మర్నాడు పొద్దున తిమ్మిరి పెరగకపోతే. క్యాలెండర్ చూసి కాదు.

లూపులు

ఇవి తుంటి కండరాల కోసం చేసినవి. రెండు పాదాలకూ కలిపి వేసుకుని పాదాలను విడదీస్తే పాదం బయటికి తిరిగే కండరాలు బలపడతాయి. బెణికిన చీలమండకు అదే కావాలి. మనకు కావాల్సింది దానికి వ్యతిరేకం. కాళ్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి లూపు తొడిగితే లోపలి తిప్పుడు చేయొచ్చు గానీ, పొట్టి రబ్బరు కదా, కాస్త కదిలేసరికే బిగువు ఒక్కసారిగా పెరిగిపోతుంది. నొప్పి ఉన్న నరానికి ఆ తీరు పనికిరాదు.

స్ట్రాప్, దానితో వచ్చే ప్రమాదం

కాగితంలో బొమ్మ ఇలా ఉంటుంది: కాలు చాపి కూర్చున్న మనిషి స్ట్రాప్‌ను వేళ్లకు తగిలించి రెండు చేతులతో గట్టిగా తన వైపు లాక్కుంటాడు, నడుము వంచి తల కూడా దించుతాడు. 30 సెకన్లు అలాగే ఉండమని రాసి ఉంటుంది. మడమ నొప్పికి బాగానే ఉండొచ్చు. కానీ ఈ నరం నొక్కుకుందా లేదా అని తేల్చడానికి డాక్టర్లు చేసే పరీక్ష గుర్తు చేసుకోండి. పాదాన్ని పూర్తిగా పైకి వంచి, బయటికి తిప్పి, వేళ్లను వెనక్కి లాగి 5 నుంచి 10 సెకన్లు పట్టుకుంటారు. తిమ్మిరి వస్తే అనుమానం బలపడినట్టు. స్ట్రాప్ బొమ్మలో ఉన్నది దాదాపు అదే భంగిమ, పైగా పరీక్ష కన్నా ఎక్కువసేపు. రోజూ చేస్తే నరం రేగకుండా ఎలా ఉంటుంది? మెట్టు అంచున నిలబడి మడమను కిందికి జార్చే వ్యాయామంలోనూ ఇదే లోపం.

బిగిసిన పిక్కలను సాగదీయాల్సిన అవసరం మాత్రం నిజమే, పిక్క బిగిస్తే నడిచేటప్పుడు పాదం వంపు కుంగుతుంది. అందుకు గోడ చాలు. గోడకు చేతులు ఆనించి, నొప్పి ఉన్న కాలు వెనక్కి పెట్టి, పాదం వేళ్లు నేరుగా గోడను చూసేలా ఉంచండి. పాదం లోపలి అంచు కింద నాలుగు మడతల తువ్వాలు పెడితే వంపు కుంగదు. ఈ చిన్న పని వల్లే పిక్క సాగుతుంది, నరం తప్పించుకుంటుంది. మోకాలు చాపి 30 సెకన్లు 3 సార్లు, మోకాలు కొద్దిగా మడిచి అలాగే 3 సార్లు. లాగుడు పిక్కలో తెలియాలి. అరికాల్లో జివ్వుమంటే ముందుకు వాలడం తగ్గించండి. స్ట్రాప్ వాడి తీరాలంటే వేళ్లకు తగిలించకుండా పాదం ముందు భాగం మీద ఉంచి, తల నిటారుగా పెట్టి, మెల్లగా లాగండి.

నరాన్ని కదిలించే వ్యాయామం ఒకటుంది, దానికి ఏ వస్తువూ అక్కర్లేదు. కిట్ కాగితాల్లో అది తప్పుగా ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. ఎత్తయిన కుర్చీలో నిటారుగా కూర్చుని, తొడ మొత్తం ఆనించండి. మోకాలు నెమ్మదిగా చాపుతూ పాదాన్ని పైకి వంచండి, అదే సమయంలో తలెత్తి ఇంటికప్పు వైపు చూడండి. మోకాలు మడిచేటప్పుడు పాదాన్ని కిందికి వదిలి, గడ్డాన్ని ఛాతీ వైపు దించండి. నడుము నుంచి అరికాలిదాకా నరం ఒకే తీగ. కింది కొస బిగిసినప్పుడు పై కొసను వదులు చేస్తున్నాం కాబట్టి నరం సాగకుండా అటూ ఇటూ జరుగుతుంది. తల దించి, కాలు చాపి రెండు కొసలూ ఒకేసారి లాగితే అది వేరే వ్యాయామం. మంట బాగా తగ్గాక ఫిజియో చూస్తుండగా మాత్రమే చేయాలి. జరిపే వ్యాయామం 10 సార్లు, రోజుకు రెండు పూటలు. చివర్లో ఆగి పట్టుకోకూడదు. మోకాలిని తిమ్మిరి మొదలయ్యే చోటుకు కాస్త ముందే ఆపాలి.

తువ్వాలు ముడిచే వ్యాయామం వద్దు, ఇది చేయండి

కాలివేళ్లతో తువ్వాలును దగ్గరికి లాక్కోమని ప్రతి కాగితంలోనూ ఉంటుంది. పైన చెప్పిన ఆ రెండు టెండాన్ల గొడవే ఇక్కడా. వాపు ఉన్న దశలో ఇది చేయించడం మాకు సమ్మతం కాదు. బదులుగా కూర్చుని పాదం నేలకు ఆనించి, వేళ్లు చాపి ఉంచి, బొటనవేలి మొదలును మడమ వైపు జరపాలని చూడండి. పాదం పొట్టిదవుతున్నట్టు వంపు లేస్తుంది. వేళ్ల గోళ్లు తెల్లబడితే వేళ్లతో నొక్కుతున్నారన్నమాట, వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. 5 సెకన్లు చొప్పున 10 సార్లు. మొదటి వారంలో వంపు కదిలినట్టే కనిపించదు, అది మామూలే. కూర్చుని చేయడం వచ్చాక నిలబడి, ఆ తర్వాత ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడుతూ చేయాలి.

చివరి మెట్టు మడమ ఎత్తుడు. రెండు మడమల మధ్య చిన్న బంతి పట్టుకుని (ముళ్ల బంతికి ఇదొక మంచి పని) 3 సెకన్లలో లేచి 3 సెకన్లలో దిగండి. బంతి జారిపోతే మడమలు బయటికి వాలుతున్నాయని అర్థం.

ఇన్‌సోళ్లు

ముందు మీ పాదం చదునుదో కాదో చూసుకోండి. తడి పాదంతో గచ్చు మీద నిలబడితే లోపలివైపు ఖాళీ లేకుండా ముద్ర మొత్తం పడుతుందా? ఇంకొకర్ని వెనక నుంచి చూడమంటే మడమ బయటికి వాలి కనిపిస్తుందా? రెండూ అవునంటేనే వంపు ఎత్తున్న ఇన్‌సోల్ మీకు సాయం చేస్తుంది. పాదం వంపు ముందే ఎత్తుగా ఉన్నవాళ్లు దీన్ని పెట్టుకుంటే పాదం మరీ బయటి అంచు మీదికి పోతుంది.

కిట్‌లో వచ్చేవి చాలావరకు మెత్తటి స్పాంజి. వంపు దగ్గర బొటనవేలితో నొక్కి చూడండి. అది పూర్తిగా అణిగిపోతే ఒంటి బరువును ఆపడం దానివల్ల కాదు. గట్టి ఈవీఏ ఫోమ్ లేదా ప్లాస్టిక్ చట్రం ఉన్నది, మడమ చుట్టూ గిన్నెలా లోతు ఉన్నది మేలు. వంపు ఎత్తయిన చోటు మడమకు కాస్త ముందు, చీలమండ కిందికి రావాలి. ఇంకా ముందుకు జరిగితే నరం కొమ్మ మీద పడి, మంట మడమ నుంచి వంపులోకి మారుతుంది. కొత్తది పెట్టుకున్న వారం లోపల మంట చోటు మారిందంటే ఆ ఇన్‌సోల్ మీకు సరిపడలేదు, అలవాటవుతుందని సాగదీయకండి. బూటులో ముందున్న ఇన్‌సోల్ తీసేసే దీన్ని పెట్టాలి, లేకపోతే బూటు బిగుతై పైనుంచి నొక్కుతుంది. మొదటి రోజు ఒక గంట, తర్వాత రోజుకో గంట పెంచుకుంటూ పొండి.

మన ఇళ్లలో ఇన్‌సోల్‌కు ఎదురయ్యే చిక్కు వేరు. రోజులో ఎక్కువ గంటలు టైల్స్ మీద ఉత్తకాళ్లతోనే గడిచిపోతాయి. బయటికి హవాయి చెప్పులు. హవాయి చెప్పు జారిపోకుండా వేళ్లు అడుగడుగునా ముడుచుకుంటాయి, వంపుకు ఆసరా ఉండదు. వెనక పట్టీ ఉన్న శాండల్స్ ఒక జత ఇంట్లో వాడకానికి విడిగా పెట్టుకోకపోతే బూటులోని ఇన్‌సోల్ రోజుకు రెండు మూడు గంటలకే పనిచేస్తుంది. షుగరు ఉన్నవాళ్లు వాడే ఎంసీఆర్ (మెత్తటి మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు అరికాలికి మెత్తదనం ఇస్తాయి గానీ వంపును నిలబెట్టవు. చేసే చోట చెబితే వంపు దిమ్మ అమర్చి ఇస్తారు. గొంతు కూర్చుని పనులు చేయడం కూడా కొన్ని వారాలు ఆపాలి, మడమలు నేలకు ఆనించి అలా కూర్చుంటే చీలమండ పూర్తిగా వంగి నరం లాగబడుతుంది.

తొడుగు, బంతి

తొడుగు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇరుకు దారిలో నలుగుతున్న నరాన్ని పైనుంచి ఇంకాస్త బిగిస్తుంది. తీశాక చర్మం మీద గీతలు పడి ఉంటే మళ్లీ వేసుకోకండి. ఉబ్బిన సిరలకు డాక్టరు కొలతలు తీసి రాసిచ్చే కంప్రెషన్ మేజోళ్లు వేరు, వాటిని దీనితో కలపొద్దు.

ముళ్ల బంతిని పిక్క మీద దొర్లించుకోవచ్చు. చీలమండ లోపలి ఎముక వెనక మాత్రం వద్దే వద్దు. అరికాలు మొద్దుబారినవాళ్లు అరికాలి కింద కూడా వాడకూడదు, చర్మం గీరుకుపోయినా తెలియదు. వేడినీళ్ల సంచి విషయంలోనూ ఇదే జాగ్రత్త, వేడి ఎంతుందో మోచేత్తో చూసుకున్నాకే పెట్టాలి.

ఎవరు కొనకూడదు

రెండు పాదాల్లోనూ ఒకేలా మేజోడు తొడిగినట్టు తిమ్మిరి ఉంటే ముందు షుగరు, థైరాయిడ్, బీ12 పరీక్షలు. నడుము నుంచి తొడ వెనగ్గా దిగే నొప్పి ఉంటే వెన్ను చూపించుకోవాలి. చీలమండ లోపలివైపు గడ్డ చేతికి తగిలితే వ్యాయామంతో పోదు, స్కానింగ్ కావాలి. మన ప్రాంతంలో తప్పకుండా గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. కుష్ఠు వ్యాధి ఎక్కువగా పట్టే నరాల్లో ఈ టిబియల్ నరమూ ఒకటి. నరం తాడులా లావెక్కినా, అరికాల్లో స్పర్శ పోయినా, ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనిపించినా ఆలస్యం చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. మందులు అక్కడ ఉచితం. వేళ కోల్పోకపోతే నరాన్ని కాపాడొచ్చు.

ఎంత చేయాలి, ఎప్పుడు ఆపాలి

చేసేటప్పుడు పదికి రెండు మూడు పాళ్ల తిమ్మిరి వచ్చి, ఆపిన కాసేపటికి పోతే ఫర్వాలేదు. గంట దాటినా ఉంటే, లేదా ఆ రాత్రి నిద్ర చెడితే, మర్నాడు సగానికి తగ్గించండి. రెండు రోజులకూ తగ్గకపోతే బ్యాండ్ పక్కన పెట్టి, నరం జరిపే వ్యాయామం ఒక్కటే చేయండి, నిలబడే సమయం తగ్గించండి. మొదట తగ్గేది సాధారణంగా రాత్రి మంట, మొద్దుబారడం ఆఖరికి గానీ పోదు. కాబట్టి తిమ్మిరి ఇంకా ఉందని ఆరు వారాలకే నిరుత్సాహపడొద్దు. కానీ మూడు నెలలు సరిగ్గా చేసినా ఏ మార్పూ లేకపోతే, లేదా మధ్యలోనే కాలివేళ్లు విడదీయడానికి బలం చాలకపోతే, నరాల పరీక్ష, స్కానింగ్ చేయించి ఎముకల డాక్టరుతో ఆపరేషన్ సంగతి మాట్లాడాలి. గడ్డ లాంటి స్పష్టమైన కారణం కనిపించిన వాళ్లకు ఆపరేషన్ మేలైన ఫలితమిస్తుంది.

కొనే ముందు ఫిజియో దగ్గరికి ఒకటి రెండుసార్లు వెళ్లి, బ్యాండ్ ఎక్కడ కట్టాలో, మోకాలు ఎక్కడ ఆపాలో మీ కాలి మీదే చూపించమనండి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోనూ ఫిజియోథెరపీ విభాగాలుంటాయి. ఆ తర్వాత ఒక పసుపు బ్యాండ్, ఒక ఎరుపు బ్యాండ్, చదును పాదమైతే గట్టి చట్రమున్న ఒక జత ఇన్‌సోళ్లు విడివిడిగా తెచ్చుకోండి.